రెండు చెట్ల మీద వల

ఆ అక్షరం మా బల్ల మీదికి వచ్చిన రోజు నేను నోరు మెదపకుండా ఉంటే, మా అవ్వ దగ్గర ఉన్నది అవ్వ దగ్గరే ఉండిపోయేది. కానీ మెదిపాను.

సూళ్లూరుపేటలో ఒక బియ్యపు మిల్లు పైన, రెండు గదుల్లో మా పరిశోధనశాల ఉండేది. పరాంకుశం గారు ముప్పై ఏళ్లుగా పాత చైనా అక్షరాలకు తెలుగులో నిఘంటువు రాస్తున్నారు. వాటిలో కొన్ని అక్షరాలు మొత్తం ప్రాచీన గ్రంథాలన్నిటిలో రెండు మూడు చోట్లకు మించి కనిపించవు. వాటి అర్థం తెలిసినవాళ్లు ఎప్పుడో పోయారు. వాళ్ల తరవాత వచ్చిన వ్యాఖ్యాతలు మాత్రం ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూనే ఉన్నారు. నేను మా ఊరి బడిలో పది చదివి, తడలో ఇంటర్ చదివి, అక్షరాల గీతలు తప్పులేకుండా ఎక్కించే పనికి చేరాను. నాలుగేళ్లలో ఆ గీతలు చదవడం కూడా వచ్చింది.

ఆ రోజు సార్ కాగితం మీద పెద్దగా గీశారు.

罧

"దీన్ని షెన్ అంటారు. పైన ఉన్నది వల. కింద రెండు చెట్లు, అంటే అడవి. అడవి మీద వల అన్నమాట. పిట్టల్ని పట్టడం అనుకుంటాం కదా? కాదు. రెండు వేల ఏళ్ల కిందటి ఒక గ్రంథంలో చేపలు పట్టే రకరకాల మనుషుల వరసలో ఇది వస్తుంది. ఈ పని చేసేవాడు పడవని తడతాడని ఉంది. అంతే ఉంది."

"ఎందుకు తట్టడం?" అంది నస్రీనక్క. మా పరిశోధనశాలలోని యంత్రం ఆమె తయారుచేసిందే.

"ఒక వ్యాఖ్యాత నీళ్లలో కట్టెలు పోగెయ్యడం అంటాడు. పడవ చప్పుడికి చేపలు బెదిరి ఆ కట్టెల కింద దాక్కుంటాయట, అప్పుడు పట్టుకుంటారట. అయితే ఈ అక్షరం ఆ పోగు పేరా, తట్టే పని పేరా, ఉచ్చు పేరా? ఎవరూ తేల్చలేదు."

అప్పుడన్నాను నేను. "సార్, అది కంప వెయ్యడం. మా తాతా అవ్వా చేసేవాళ్లు."

సార్ కళ్లద్దాలు తీసి నావైపు చూశారు. నాలుగేళ్లలో నేను అడగకుండా మాట్లాడింది అదే మొదటిసారి అనుకుంటాను.

నస్రీనక్క యంత్రం చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు. తలకు పెట్టుకునే జల్లెడ లాంటి టోపీ, కింద ఒక పెట్టె. ఒక మనిషి తన చేతికి బాగా వచ్చిన పనిని టోపీ పెట్టుకుని మళ్లీ చేస్తే, ఆ పని ఆ మనిషి లోపల ఎలా ఉంటుందో పెట్టెలోకి దిగుతుంది. తరవాత ఇంకొకరు ఆ టోపీ పెట్టుకుని అక్షరం వైపు చూస్తే, చదివినట్టు ఉండదు. చేసినట్టే ఉంటుంది. అప్పటికి పదకొండు మంది అలా పని ఇచ్చి వెళ్లారు. తాటాకు మీద గంటంతో రాసే ఒక పెద్దాయన, సున్నం కాల్చే ఇద్దరు అన్నదమ్ములు, గాజు ఊదే ఒకావిడ. పదకొండు అక్షరాలకు నిఘంటువులో అర్థం పక్కన ఆ అనుభవం కూడా చేరింది. అలాంటి నిఘంటువు ఇంకెక్కడా లేదని సార్ అనేవారు. గొప్పగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు.

మా ఊరు తెట్టుపాళెం, పులికాటు ఒడ్డున. నేను వెళ్లేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని పీతలకు తాళ్లు కడుతోంది. ఒక చెయ్యి పీతల మీద, ఇంకో చెయ్యి పక్కనున్న నీళ్ల గోలెంలో. అరచెయ్యి నీళ్ల మీద తేలేసి ఉంచడం అవ్వకు అలవాటు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి చెంబు మీద పెట్టేది. తాత పోయి ఆరేళ్లయినా అది పోలేదు.

"అవ్వా, నీతో పనుండాది."

"పన్లేకుండా నువ్వు యాడొస్తావు లేమే. చెప్పు."

అక్షరం సంగతి చెప్పాను. చేత్తో నేల మీద గీసి చూపించాను. అవ్వ తల అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"వల పైనుండాదే. వల పైనేసి కంప కిందేస్తారా ఎవురన్నా? ముందు కంప, ఆనక వల. రాసినోడికి తెలవదు."

"తెలిసే రాశాడవ్వా. రెండువేల ఏళ్లకి ముందు."

"మీ తాత కంటే పాతోడా?"

"పాతోడే."

"అయితే ఒప్పుకుంటా." నవ్వింది. అంతలో నవ్వు ఆపి, "వాళ్లూ పడవ తట్టేవోళ్లా? నిజంగానా? అంత దూరాన?" అంది.

"తట్టేవాళ్లంట. బుక్కులో ఉండాది."

అవ్వ చేతిలో పీతను పక్కన పెట్టేసింది. ఆరేళ్లుగా మా ఊళ్లో కంప ఎవరూ వెయ్యలేదు. నైలాన్ వలలు వచ్చాక ఆ ఓపిక ఎవరికీ లేదు. ఆ పని తెలిసిన చివరి మనిషి మా అవ్వే.

"వస్తాలే. అంత దూరపోళ్లకి మనం చెప్పకపోతే ఎవురు చెప్తారు?"

*

పరిశోధనశాలలో ఇత్తడి గంగాళం నిండా నీళ్లు పోసి, సీమతుమ్మ కొమ్మలు వేసి, పక్కన పాత పడవ చెక్క ఒకటి పెట్టారు. సార్ స్వయంగా వెళ్లి ఆ చెక్క వెతికి తెచ్చారు. అవ్వ టోపీ పెట్టుకుని, "బోడిగుండుకి పూలజడ మాదిరుండాది" అంది. నస్రీనక్క నవ్వాపుకోలేక తీగలు వదిలేసింది.

"పోలమ్మగారూ, ఇప్పుడు పని చేస్తున్నట్టు అనుకోండి. పడవ తట్టండి," అన్నారు సార్.

అవ్వ చెక్క వైపు చూడనైనా లేదు. రెండు చేతులూ గంగాళంలో దించి, కొమ్మల్ని పట్టుకుని కూర్చుంది. కాసేపాగి, "తట్టండయ్యా మరి" అంది.

నస్రీనక్క చేతిలోని పెన్నుతో చెక్కను టకటకా కొట్టింది.

"ఏందమ్మా, అప్పులోళ్లు తలుపు కొట్టినట్టు! చేపలు చెన్నపట్నం పారిపోతాయి. రెండు కొట్టి ఆగాల. ఊపిరి తీసుకున్నంతసేపు. మళ్లా ఒకటి." కళ్లు మూసుకుంది. "ఆయన ఎట్టా కొట్టేవోడంటే..." అని ఆగిపోయింది. మొహం నెమ్మదిగా వదులైంది. పెట్టె మీద గీతలు లేచాయి. అలా ఇరవై నిమిషాలు నడిచాయి. నస్రీనక్క నావైపు చూసి బొటనవేలు ఎత్తింది. అంతకు ముందు ఎవరి దగ్గరా అంత స్పష్టంగా రాలేదట.

తాత పడవ మీద, అవ్వ నీళ్లలో. కంప వేట అంటే మాకు అదే. దూరాన్నించి తడుతూ పడవ దగ్గరికి వస్తుంది. గొంతు లోతు నీళ్లలో కొమ్మ పట్టుకుని అవ్వ నిలబడి ఉంటుంది. చేపలు చేరడం కొమ్మల ఒణుకులో తెలుస్తుంది. చాలినన్ని చేరాక చెయ్యి పైకెత్తుతుంది. తాత తట్టడం ఆపి కంప చుట్టూ వల తిప్పుతాడు. ఇది సార్‌కు చెప్పాలని నాకు తోచలేదు. అది మాకు చెప్పుకోవాల్సిన సంగతే కాదు. కంప వేసేవాళ్లన్నాక ఇద్దరుంటారు. పుస్తకంలో మాత్రం ఒక్కరే ఉన్నారు, పడవ తట్టేవాడు. సార్ ఆయన కోసమే వెతికారు.

మర్నాడు సార్ టోపీ పెట్టుకుని అక్షరం చూశారు. చాలాసేపటికి టోపీ తీసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"ఏమైంది సార్?"

"ఇది ఉచ్చు కాదమ్మాయ్. నాకు భయం వేయలేదు. ఎవరో దూరం నుంచి ఇంటికి వస్తున్నట్టుంది. నేను ఆ ఇంట్లో ఉన్నట్టుంది."

నస్రీనక్క కూడా చూసింది. ఆమెకూ అంతే. "మా అమ్మ పోయాక నాకు ఇంత నెమ్మది ఎప్పుడూ లేదు" అని మాత్రం అని, ముక్కు తుడుచుకుని పెట్టె ముందు కూర్చుంది. కొందరు వ్యాఖ్యాతలు ఉచ్చు అంటున్నది లోపలి నుంచి చూస్తే ఇల్లు ఎలా అవుతుంది? సార్ ఆ వారమంతా గ్రంథాలు తిరగేస్తూ ఉండిపోయారు. నేను టోపీ పెట్టుకుని చూడలేదు. అవ్వది కదా, నాకు అవ్వే ఉంది అనుకున్నాను.

*

శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్లాను. అవ్వ చేపలు తోముతోంది. పక్కన గోలెం నిండుగా ఉంది. రెండు చేతులూ చేపల మీదే ఉన్నాయి.

మొదట ఏదో తేడాగా ఉందనిపించింది తప్ప ఏమిటో తెలియలేదు. అన్నం తినేటప్పుడు చెంబు వైపు చూశాను. చెంబు దూరంగా ఉంది. అవ్వ ఎడమ చెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది, ఎక్కడ ఉండాలో తెలియనట్టు. రెండు రోజులు ఏమీ అడగకుండా చూశాను. ఒక్కసారి కూడా నీళ్ల మీద చెయ్యి పెట్టలేదు.

మంచం పట్టె మీద తాత తట్టినట్టు తట్టాను. నాకు వచ్చినంతలో. రెండు, ఆపి ఒకటి. చిన్నప్పటి నుంచి నేనెప్పుడు అలా తట్టినా అవ్వ ఒక మాటే అనేది, "మీ తాత చేతిలో సగం కూడా లేదు పో" అని.

"ఏందే ఆ చప్పుడు? పని లేదా నీకు?" అంది.

"తాత పడవ తట్టేది అవ్వా."

అవ్వ నావైపు చూసింది. కోపం లేదు, దిగులు లేదు. "తట్టేవోడు. తట్టేవోడు గదా. నేను నీళ్లల్లో ఉండేదాన్ని. చలిగుండేది. చేపలొచ్చేవి." ఎవరో చెప్పగా విన్న కథ చెప్పినట్టు చెప్పింది. "ఎట్టా తట్టేవోడో మాత్రం... ఏమోమే. వయసు మీద పడతుండాది."

మంచం పట్టె మీంచి చెయ్యి తీసేశాను.

సోమవారం నస్రీనక్కకు చెప్పాను. ఆమె గబగబా ఫోన్ తీసి తాటాకు పెద్దాయన కొడుకుతో మాట్లాడింది, తరవాత ఆయనతోనే మాట్లాడింది. గంటం ఆకు మీద నడిచేటప్పుడు వచ్చే చప్పుడు గురించి అడిగింది. ఆయన, చప్పుడేముంది తల్లీ, ఎప్పుడూ చప్పుడు రాదే అన్నాడు. గాజు ఊదే ఆవిడ, కొలిమి వాసన తనకెప్పుడూ తెలియదంది. పదకొండు మందీ అంతే. పోయిన సంగతి ఒక్కరికీ తెలియదు. అది పోయిందని తెలియాలన్నా అది కొంచెమైనా మిగలాలి కదా.

"తలుచుకున్నప్పుడు జ్ఞాపకం తడి మట్టిలా మెత్తబడుతుంది. మళ్లీ దానంతటదే గట్టిపడుతుంది. నేను నకలు తీసేదాకా దాన్ని తడిగా పట్టి ఉంచాను. వదిలాక ఆరుతుందిలే అనుకున్నా." నస్రీనక్క గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం తీగల్ని ఒక్కొక్కటే ఊడదీస్తున్నాయి. "ఆరలేదు. కరిగిపోయింది."

సార్ లేచి, నిఘంటువులో ఇలాంటి అనుభవం చేర్చడానికి ఉంచుకున్న ఇంకా నలభై అక్షరాల జాబితాను మడిచి సొరుగులో పెట్టారు. "ఇంకెవరినీ పిలవొద్దు. ఆ పదకొండు మంది ఇళ్లకీ నేనే వెళ్లి చెప్తాను," అన్నారు.

"అవ్వకి తిరిగి పెట్టెయ్యొచ్చా అక్కా?" అని అడిగాను.

"చదివించొచ్చు. మనం చదివినట్టే. గంటసేపు ఉంటుంది, చుట్టం మాదిరి. వెళ్లిపోతుంది. ఇంకో సంగతి, చదివిన ప్రతిసారీ పెట్టెలోది కొంచెం అరుగుతోంది. నిన్ననే చూశా. మొత్తం ముప్పై సార్లకంటే ఎక్కువ రాదు."

అవ్వకు ఒకసారి పెట్టి చూద్దామన్నాను. అవ్వ వచ్చింది. ఏం జరిగిందో సార్ తనే చేతులు కట్టుకుని చెప్పారు. అవ్వ విని, "తెలిసి చేస్తే తిడదును. తెలవక చేశారు. పెట్టండి," అంది.

టోపీ పెట్టుకుని కళ్లు మూసుకుంది. మొహం మళ్లీ ఆ రోజులా వదులైంది. చెయ్యి దానంతటదే బల్ల మీద వెల్లకిలా పడి, బోర్లా తిరిగి, తేలేసినట్టు నిలిచింది.

"ఎవురో గాని బాగా కొడతుండాడు," అంది అవ్వ. "నిదానస్తుడు. ఎవురే అతను?"

నస్రీనక్క పక్క గదిలోకి వెళ్లిపోయింది.

*

ఆ సాయంత్రమే సార్‌ను అడిగాను. "మిగిలిన ఇరవై ఏడు సార్లూ నాకివ్వండి సార్."

"అవి అయిపోతే ఈ అక్షరానికి మన దగ్గర ఏమీ మిగలదు. తెలుసా?"

"తెలుసు సార్."

"చదివితే నీకూ గంటకు మించి ఉండదు."

"ఉండక్కర్లేదు సార్. నేను ఆ గంటా పడవ చెక్క ముందు కూర్చుంటాను. విన్నది విన్నట్టు కొడతాను. చేతికి వచ్చింది చేతిలో ఉంటుంది. యంత్రం ఇచ్చింది పోతుంది గాని నేర్చుకున్నది పోదు కదా."

సార్ ఆ అక్షరం రాసిన కాగితం చేతిలోకి తీసుకున్నారు. ముప్పై ఏళ్ల పనిలో ఆయనకు అంత దగ్గరగా వచ్చిన అక్షరం ఇంకొకటి లేదు. మాలో ఎవరికన్నా ఎక్కువగా అది కావలసింది ఆయనకే. కాగితం నా చేతికిచ్చి, "రేపట్నించి పొద్దున్నే రా. మిల్లు మొదలుపెట్టక ముందు. చప్పుడు ఉండదు," అన్నారు.

రోజుకొకసారి. టోపీ పెట్టుకోగానే నేను నీళ్లలో ఉండేదాన్ని. చెవులతో కాదు, ఒళ్లంతా వినడం. దూరం నుంచి తాత వచ్చేవాడు. మొదటి వారంలో నాకు తెలిసింది, ఆయన ఎప్పుడూ చేపల్ని తరమలేదని. తట్టుకీ తట్టుకీ మధ్య ఆగడంలోనే పనంతా ఉంది. ఆ ఆగినప్పుడే చేప ఇటు తిరుగుతుంది. గట్టిగా కొడితే బెదిరి ఎటైనా పోతుంది. ఆగి ఆగి కొడితే తెలిసిన చోటికి వస్తుంది. రెండో వారంలో నా చెయ్యి ఆయన ఆగినచోట ఆగడం మొదలుపెట్టింది. నస్రీనక్క పెట్టె మీది గీతనూ నా చేతి గీతనూ పక్కపక్కన పెట్టి, "ఇక్కడ తొందరపడ్డావ్ చెంగా. బస్సేం పోదులే," అనేది. పద్దెనిమిదో రోజుకు పెట్టెలో తాత దూరంగా, పలచగా వినబడసాగాడు. ఇరవై ఏడో రోజు టోపీ పెట్టుకుంటే నీళ్లు మాత్రమే ఉన్నాయి. అక్షరం బల్ల మీద నల్లటి గీతల్లా ఉంది. అయినా నేను తట్టాను. రెండు. ఊపిరి. ఒకటి. నస్రీనక్క నా గీతను పాత గీత పక్కన పెట్టి చూసి, తల ఊపి టోపీని పెట్టెలో పెట్టి మూత వేసింది.

ఈలోగా, నేను తట్టడం నేర్చుకుంటున్నానని కంప వేయించబోయి అవ్వ ఊళ్లో నవ్వులపాలవుతోంది. డెబ్బై ఏళ్ల మనిషి సీమతుమ్మ కంప నరికించి సరస్సులో పోగేయిస్తుంటే, "పోలమ్మక్కా, చేపలకి గుడిసె కడతుండావా? కరెంటు కూడా పెట్టించరాదా?" అని మా పక్కింటి కోదండం మామ అడిగాడట. "నీకూ ఒక గది ఉంచుతా, నీ పెళ్లాం గెంటినప్పుడు వద్దువు," అందట అవ్వ. పని ఎలా చేయాలో అవ్వకు గుర్తుంది. కంప ఎక్కడ వేయాలో, ఎన్నాళ్లు ముట్టుకోకుండా ఉంచాలో, అన్నీ. పోయింది ఆ చప్పుడొక్కటే.

నలభై రోజులు కంప నానింది.

*

పొద్దున ఎండ ఇంకా ఎక్కలేదు. సార్, నస్రీనక్క ఒడ్డున నిలబడ్డారు. సార్ పంచె మోకాళ్లదాకా ఎగ్గట్టుకుని చెప్పులు చేతిలో పట్టుకున్నారు. అవ్వ గొంతు లోతు నీళ్లలోకి దిగి కొమ్మ పట్టుకుంది. వల మూడు వైపులే కట్టింది. నాలుగో వైపు, పడవకు ఎదురుగా ఉండేది, వదిలేసింది.

"అది కట్టలేదే అవ్వా?"

"ఎప్పుడు కట్టినారు గనక? ఇల్లని నమ్మి వచ్చినోళ్లకి వాకిలుండాల. పోయేవి పోతాయి, ఉండేవి మనకు. మీ తాత... అదే, మనోళ్లందరూ అంతే. నువ్వు పో, చాలా దూరం పో."

పడవ వెనక్కి తోసుకుంటూ పోయాను. అప్పుడర్థమైంది, సార్‌కు ఎందుకు భయం వేయలేదో. అవ్వ చేతుల కింద కొమ్మల్లో ఎప్పుడూ ఒక వాకిలి తెరిచి ఉండేది. మా యంత్రంలోకి వచ్చినదానికి మాత్రం తిరిగి పోయే వాకిలి లేదు.

గడకర్రతో పడవ అంచు మీద తట్టాను. రెండు. ఊపిరి. ఒకటి.

నీళ్లు కదలలేదు. అవ్వ కదలలేదు. కొంచెం ముందుకు జరిగి మళ్లీ తట్టాను. చెయ్యి తొందరపడబోయింది. ఆగాను. చేప తిరగడానికి ఎంతసేపు కావాలో అంతసేపు ఆగాను. అలా పావు మైలు వచ్చానో, ఇంకా ఎక్కువో. అవ్వ తల నీళ్ల మీద చిన్న కుండలా కనబడుతోంది. ఆమె ఎడమ చెయ్యి ఎక్కడుందా అని చూశాను. కొమ్మ మీద లేదు. నీళ్ల మీద ఉంది. అరచెయ్యి తేలేసి.

నేను తట్టడం ఆపలేదు.

ఇంకా నాలుగు బారల దూరం ఉందనగా ఆ చెయ్యి పైకి లేచింది. ఆపు అని. మూడు వైపుల వలనూ కంప చుట్టూ దగ్గరికి తిప్పాను. కంప లోపల మడవ చేపలు వెండి పోసినట్టు మెరిశాయి. వాకిలి వైపు నుంచి కొన్ని జారిపోయాయి. ఒడ్డున నస్రీనక్క ఏదో అరిచింది, సార్ చెప్పులు నీళ్లలో పడేసుకున్నారు.

పడవ అంచు పట్టుకుని అవ్వ నావైపు చూసింది. కళ్లలోంచి నీళ్లో, సరస్సు నీళ్లో తెలియలేదు.

"తాతలాగా వచ్చిందా అవ్వా?"

"మీ తాతది ఎట్టుండిందో నాకు తెలవదు గదమ్మణ్ణీ. ఇది నాకు తెలవదు ఇంతకుముందు." చేత్తో మొహం తుడుచుకుంది. "ఇది నీది. మళ్లా తడితే గుర్తుపడతా, నువ్వేనని. చాల్లే, ఇంగ వల లాగు. మిగతావన్నీ కూడా పోతుండాయి."

వారం తరవాత సార్ నన్ను పిలిచి నిఘంటువు కాగితం ముందు పెట్టారు. ఆ అక్షరం పక్కన అంతా ఖాళీగా ఉంది.

"పెట్టెలో ఏమీ లేదు. మాటల్లోనే రాయాలి. నువ్వు రాయి."

రాశాను. 'నీళ్లలో కొమ్మలు పోగేసి, పడవను తడుతూ వచ్చి, అక్కడ చేరిన చేపల్ని పట్టడం. తొందర కూడదు. ఇద్దరు చేయాల్సిన పని. ఒక వైపు వల కట్టరు.'

సార్ చదివి, వ్యాఖ్యాతల పేర్లు కింద చిన్న అక్షరాల్లో చేర్చారు. ప్రాచీన ప్రయోగం ఎక్కడుందో రాశారు. తరవాత కలం మళ్లీ నాకిచ్చారు.

"ఇప్పటి ప్రయోగం ఒకటి కావాలి. ఒక వాక్యం చాలు."

కొంచెంసేపు ఆలోచించి రాశాను.

'అవ్వ నీళ్లలో ఉంది, నేను పడవ మీద ఉన్నాను.'